కోఆపరేషన్ అను మాట యొక్క పుట్టుక

మన సంఘముల కార్యస్థానముల వాకిళ్లపై పలకలు కట్టియుండును. వానిపై ఇంగ్లీషున నొక పేరును తెలుగున నొక పేరును వ్రాసియుందురు. తెలుగున నుండునది "సహకార సంఘము". కాని గ్రామములందు వాడుకలో నున్నది ఈ రెంటిలో ఏదియు గాదు. ఒకచోట "సొసైటీ" యనియు, వేఱొకచోట "సంగం" అనియు, ముసలివారి నోట "కోపరేటి" యనియు వినవచ్చును. పేరెట్లు పలికినను నష్టము లేదు. మాకు కష్టముగా తోచునది మఱియొకటి. సభ్యులైన రైతులే "సొసైటీవారు అప్పిచ్చినారు", "సొసైటీవారు ఎరువు తెప్పింపలేదు" అని మాటలాడుచుందురు. ఆ "వారు" ఎవరు? వాటాసొమ్ము కట్టి, పట్టీలో పేరు వ్రాయించుకొని, సర్వసభ్య సమావేశమున చేయెత్తిన తామే గదా ఆ వారు! తన యింటిని గూర్చి తానే "ఆ యింటివారు" అని చెప్పుకొను గృహస్థును మేమెన్నడును చూడలేదు.

ఇట్టి మాటతీరు వాడుకలోనికి వచ్చుటకు చరిత్రలో నొక కారణము కలదు. దానిని తరువాత చెప్పుదుము. ముందుగా ఆ యింగ్లీషు మాటనే పట్టుకొని దాని పుట్టినింటి దాక పోయి చూచి వత్తము. మాటల పుట్టుక పండితులకు గాని రైతులకేల యని కొందఱనవచ్చును. ఈ మాటకు పొలముతో నెంత చుట్టఱికము కలదో తెలిసినచో వారట్లనరు.

"కోఆపరేషన్" అను మాట ఇంగ్లీషువారి సొంతసొత్తు గాదు. అది లాటిను భాషనుండి వారికి వచ్చినది. లాటిను అనగా ఇటలీ దేశమునందలి రోము నగరమును దాని చుట్టుపట్లనున్న సీమయు పూర్వము మాటలాడిన భాష. ఈ మాటలో రెండు తునుకలున్నవి. మొదటిది "కో". ఇది "కుమ్" అను లాటిను పదము యొక్క రూపభేదము. తోడ, కూడ అని దాని యర్థము. మన "సహ" యెట్టిదో అదియు నట్టిదే. రెండవది "ఒపెరారి" అను క్రియ. పనిచేయుట యని యర్థము. దానికి మూలము "ఒపుస్" అను చిన్న మాట. ఒపుస్ అనగా పని. కాబట్టి కోఆపరేషన్ అనగా కూడి పనిచేయుట. అప్పిచ్చుట గాదు, అప్పు పుచ్చుకొనుట గాదు, ఒకరికొకరు దయతలచుటయు గాదు, పనిచేయుట.

ఆపరేషన్ అనగానే మనవారికి ఆసుపత్రియు కత్తియు జ్ఞప్తికి వచ్చును. వైద్యుని చేతిపని గనుక దానికా పేరు వచ్చినది. నీటిపంపు నడపువానిని ఆపరేటరు అందుము. అదియు పనివాడు అను అర్థముననే. ఇటలీవారి సంగీత నాటకమునకు "ఒపెరా" యని పేరు. అదియు "పని" యను మాటయే. ఒక్క వేరున పుట్టిన పిలకలు ఎంతెంత దూరము ప్రాకినవో చూడుడు.

ఈ ఒపెర యను మాట రోమనుల కాలమున మొదట పాటకశాలలో లేదు, పొలములోనే యున్నది. ఒక మనుష్యుడు ఒక దినము చేయు పనిని వారు ఒక ఒపెర యనెడివారు. మనము "ఒక ఆలు", "ఒక దినము కూలి" అని లెక్కించునట్లే వారు ఒపెరలు లెక్కించిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున కొలుమెల్లా యను నతడు వ్యవసాయమును గూర్చి 12 భాగముల గ్రంథము వ్రాసెను. ఇతడు స్పెయిను దేశమున గాదేసు అను రేవుపట్టణమున పుట్టినవాడు. ఇటలీలో స్వయముగా భూములు సాగుచేయించినవాడు. ఆ గ్రంథము రెండవ భాగమున ఏ పైరుకు ఎన్ని ఒపెరలు పట్టునో వరుసగా చెప్పినాడు. గోధుమ లెక్క యిది. దున్నువానికి నాలుగు ఒపెరలు, పెళ్లలు చితుకగొట్టి చదును చేయువానికి ఒకటి, మొలకల నడుమ మన్ను గుల్లచేయుటకు మొదటిమాఱు రెండు, రెండవమాఱు ఒకటి, కలుపు తీయుటకు ఒకటి, కోతకు ఒకటిన్నర. వెరసి పదిన్నర. ఇది యొక "యూగెరము" నేలకు చెప్పిన లెక్క. యూగెరము అనగా మన కొలతలో సుమారు 62 సెంట్లు. ఆ కొలతకు పేరు వచ్చిన విధమును ప్లినీ యను రోమను గ్రంథకర్త చెప్పెను: ఒక కాడి యెద్దులు ఒక దినమున దున్నగల నేల యది. "వానికి నాలుగు అరకల సేద్యము" అని ఎడ్లనుబట్టి భూమి కొలుచు అలవాటు మనకును కలదు గదా.

పందొమ్మిది వందల యేండ్లకు వెనుక నొక దూరదేశమున వ్రాసిన ఈ లెక్కను చూచినప్పుడు మాకొక సంగతి తోచినది. పైరునుబట్టి ఇన్ని ఆళ్ల పనియని ముందుగా తెలిసినచోగాని, నీ చేనికి నేనెన్ని దినములు వచ్చితిని, నా చేనికి నీవెన్ని దినములు రావలెను అను లెక్క కుదురదు. నాట్లకు, కోతలకు కుటుంబములు ఒకరి చేలకొకరు పోయి కూలి లేకుండ పనికి పని తీర్చుకొను ఆచారము మన పల్లెలలో చిరకాలమునుండి కలదు. అక్కడ చెల్లునది రూపాయి గాదు, ఒపెర. సంఘములు రిజిస్టరు కాకమునుపే మనవారు ఈ వ్యవహారము నడపిరి. అందులో అప్పుపడినవాడు పనికి పోకున్న ఏమగునో ఊరివారికెల్లరికి తెలియును. రెండవ యేట వాని చేనికి ఎవడును రాడు.

రోమనులలో కొలుమెల్లాకంటె ముందటివాడు కేటో (క్రీస్తుపూర్వము 234–149). ఇతడు వ్యవసాయమును గూర్చి వ్రాసిన గ్రంథము లాటిను వచన గ్రంథములలో మనకు పూర్తిగా దక్కినవానిలో మిక్కిలి పాతది. భూమి కొన్నవాడు ఇరుగుపొరుగులతో మంచిగా నుండవలెనని అతని హితవు. అట్లున్నచో పండినది సులభముగా అమ్ముకొనవచ్చును, తన పనిదినములను ఇతరులకు ఇచ్చుకొనవచ్చును, తనకు పనివారు దొరకుదురు. ఇల్లు కట్టునప్పుడు పొరుగువారు తమ ఒపెరలతోడను, పశువులతోడను, కఱ్ఱతోడను తోడ్పడుదురు అని యాతని తాత్పర్యము. ఇది ధర్మోపదేశము గాదు, కేవలము లాభనష్టముల లెక్క. కేటో కఠినుడు. ముసలిదైన ఎద్దును, ముసలివాడైన బానిసను ఒక్క వరుసలో చేర్చి అమ్మివేయుమని అదే గ్రంథమున వ్రాసినవాడు. ఈ సంగతి దాచుట న్యాయము గాదు. రోమనుల పెద్ద కమతములలో ఒపెరలు చేసినవారిలో చాలమంది బానిసలు. పని వారిది, పంట యజమానునిది. అనగా "ఒపెర" యను మాట అప్పటికి కలదు, దాని ముందు "కో" మాత్రము చేరలేదు.

ఒపుస్ అను మాటకు సోదరివంటిది "ఒప్స్". దాని యర్థము సంపద, బలము. రోమనులు ధాన్యసమృద్ధికి అధిదేవతగా ఒప్స్ అను దేవిని కొలిచెడివారు. కోతలు ముగిసి ధాన్యము చేర్చుకొనిన పిమ్మట ఆగస్టు నెలలో ఆమెకు పండుగ చేసెడివారు. ఈ ఒప్స్ ముందు "కో" చేర్చగా "కోపియా" యైనది. సమృద్ధి యని యర్థము. మనము కచేరీలలో నకలునకు "కాపీ" యందుము గదా. అది ఈ కోపియా యను మాటయే, ఒకటి పలు ప్రతులైనదని. ఇంకొక చుట్టఱికము మన దేశముతోనే కలదు. వేదభాషలో "అపస్" అను పదమునకు పని యని యర్థము. అపస్సును ఒపుస్సును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. నీరు అను అర్థముగల "ఆపః" వేఱు, రెంటిని కలుపరాదు.

ఇక "కో" ఎప్పుడు వచ్చి చేరెను? కేటో, కొలుమెల్లాల కాలమున గాదు. క్రైస్తవ మతము రోమను రాజ్యమున వ్యాపించిన తరువాత, గ్రీకు భాషలోని ఆ మతగ్రంథములను లాటినులోనికి మార్చునప్పుడు పండితులకు ఒక మాట కావలసివచ్చినది. గ్రీకున "సునెర్గేన్" అను క్రియ కలదు. కలిసి పనిచేయుట యని యర్థము. దానికి సరిగా "కోఓపెరారి" అని లాటిను వారు కూర్చుకొనిరి. నాల్గవ శతాబ్దపు చివర జెరోము అను పండితుడు సవరించి కూర్చిన లాటిను బైబిలునందు ఈ మాట కానవచ్చును.

గ్రీకు మాటలో చివరనున్న "ఎర్గోన్" అనగా పని. దీని ముందు భూమి యను అర్థముగల "గే" చేర్చినచో "గెయోర్గోస్" అగును. అనగా భూమిపై పనిచేయువాడు, రైతు. ఇంగ్లండున అనేక రాజులు పెట్టుకొనిన జార్జి యను పేరు ఈ మాటయే! మన రూపాయలపై ఇద్దఱు జార్జిరాజుల బొమ్మలు చూచి పన్నుకట్టిన మన తాతలకు, ఆ పేరునకు అర్థము "రైతు" అని ఎవరును చెప్పియుండరు.

లాటినునుండి ఫ్రెంచిలోనికి, అందుండి ఇంగ్లీషులోనికి ఈ మాట పదునైదవ శతాబ్దము నాటికే చేరినది. కాని మూడు వందల యేండ్లకు పైగా అది పుస్తకముల మాటగానే యుండెను. వర్తకముతోను కూలివారితోను దానికి సంబంధము కల్పించినవారు పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున రాబర్టు ఓవెన్ (1771–1858), ఆయన యనుచరులును. ఓవెన్ స్కాట్లండున న్యూలానార్కు అను ఊర నూలుమిల్లు నడపిన యజమాని. పనివారు పోటీచేత ఒకరినొకరు అణగద్రొక్కుకొనుటకు మాఱుగా కూడి బ్రతుకవచ్చునని ఆయన వాదము. బ్రైటన్ పట్టణమున విలియమ్ కింగు అను వైద్యుడు 1828 మే మొదలు 1830 ఆగస్టు వఱకు "ది కోఆపరేటర్" అను పేర నొక చిన్న నెలపత్రికను నడపెను. ఇట్టి సంఘపత్రికలకన్నిటికి అదియే పెద్దమ్మ యని మా గౌరవము.

అప్పటి ఇంగ్లీషున మిల్లుకూలివానికి "ఆపరేటివ్" అనియే పేరు. ఒపెర చేయువాడు గదా. లాంకషైరున రాచ్‌డేలు అను నేతగాండ్ర ఊరిలో 28 మంది, ఎక్కువమంది నేతపనివారు, వారమునకు రెండేసి పెన్నీలు కూడబెట్టి, తలకొక పవును వాటా చొప్పున 28 పవునుల మూలధనము సమకూర్చి, 1844 డిసెంబరు 21వ తేదీన చిన్న అంగడి తెఱచిరి. గోధుమపిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి, క్రొవ్వొత్తులు — ఇవియే సరకులు. సరియైన తూకము, కల్తీలేని సరకు, రొక్కపు బేరము, వాటా యెంతయున్నను మనిషికి ఒకే వోటు, లాభమును కొన్న సరకునుబట్టి పంచుట అను పద్ధతులు వారివి. ఇంతకుముందు ఇట్టి అంగళ్లు పెట్టి చెడినవారు పలువురు గలరు. అరువు పెట్టి చెడిరి. రాచ్‌డేలువారు నిలిచిరి. "ఆపరేటివ్" ముందు "కో" చేరినది అచ్చటనే యనిన తప్పులేదు: నిన్నటి వఱకు యజమానుని పనిచేసి పొట్టపోసికొనినవాడు, నేడు తన అంగడికి తానే యజమాని.

జర్మనీ దేశమున ఈ ఉద్యమమునకు లాటిను పేరు పెట్టలేదు. వారి మాట "గెనోసెన్‌షాఫ్ట్". "గెనోసె" యనగా తోడివాడు. మొదట దాని యర్థము ఒక దానిని మఱియొకనితో కలిసి అనుభవించువాడు అని. ఒకే పచ్చికబీటిలో పశువులను మేపుకొను పాలివారికి ఈ మాట చెల్లెననియు చెప్పుదురు. ఆ దేశమున 1846–47లో కఱవు వచ్చినప్పుడు వైయర్‌బుష్ అను చిన్నపల్లె గ్రామాధికారి ఫ్రీడ్రిక్ రైఫైజెన్ (1818–1888) ఊరివారిని కూర్చి రొట్టెల సంఘము స్థాపించెను. తరువాత 1864లో హెడ్డెస్‌డోర్ఫున పెట్టిన అప్పుల సంఘము రైతుసంఘములన్నిటికి మూస యైనది. అందు సభ్యులందఱును సంఘపు అప్పునకు ఒక్కుమ్మడిగా పూచీ. ఒకడు ఎగవేసినచో తక్కినవారి ఆస్తియు బాధ్యమగును. కావున ఎవడు దేనికై అప్పు అడుగుచున్నాడు, విత్తనమునకా, వివాహమునకా, అని పొరుగువాడు కనిపెట్టియుండక తప్పదు.

మద్రాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగి ఐరోపాలో ఈ సంఘములను చూచి వచ్చి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. రైఫైజెన్ పద్ధతియే మన రైతుకు తగినదని ఆయన తీర్మానము. తదుపరి 1904లో చట్టము వచ్చినది. ఇచ్చటనే మేము మొదట చెప్పెదమన్న కారణము కలదు. ఆ 1904 చట్టము పరపతి సంఘముల చట్టము మాత్రమే. అప్పు తప్ప వేఱు పనికి, అనగా కొనుగోలుకు గాని అమ్మకమునకు గాని, సంఘము రిజిస్టరు చేయుటకు అందులో తావు లేదు. తావు కలిగినది 1912 చట్టముచేత. ఆ యెనిమిదేండ్లలో పల్లెలకు పోయిన సంఘము అప్పిచ్చు సంఘముగా పోయినది. దానిని వెంటబెట్టుకొని పోయినది ప్రభుత్వపు రిజిస్ట్రారు. కాబట్టి రైతు కంటికి అది ఎవరో పెట్టిన అప్పుల కచేరీగా కనబడుటలో వింతలేదు. "కో" యు పోయి, "ఆపరేషను" పోయి, అప్పు మిగిలినది. దేశ రాజ్యాంగమునకు 2011లో చేసిన 97వ సవరణచేత సహకార సంఘమును ఏర్పఱచుకొనుట పౌరుని స్వాతంత్ర్యములలో నొకటిగా 19వ అధికరణమున చేర్చబడినది. హక్కు చట్టమున చేరినను "సొసైటీవారు" అను మాట పోలేదు.

అప్పును చులకన చేయుట మా యుద్దేశము గాదు. అప్పునకు ఇంగ్లీషున "క్రెడిట్" అందురు. ఇదియు లాటినే, "క్రేదో", అనగా నమ్ముచున్నాను అను మాటనుండి వచ్చినది. దీనికి సంస్కృతమున జోడు ఏదో తెలియునా? "శ్రద్ధ". క్రేదోయును శ్రద్ధయు ఒక్క పుట్టుకవే. శ్రద్ధయనగా మొదట నమ్మకము. మన "పరపతి" యను మాటయు నట్టిదే. "వానికి ఊరిలో పరపతి కలదు" అన్నచో వాని మాటపై అప్పు పుట్టునని గదా భావము.

ఇక మనము పెట్టుకొనిన పేరు. "సహకారము" అను మాటను పాత నిఘంటువులలో వెదకినచో మామిడిచెట్టు దొరకును! మిక్కిలి కమ్మని వాసనగల మామిడికి సంస్కృత కవులు వాడిన పేరది. తోటలుగల సభ్యులకు ఇది ప్రీతికరము కావచ్చును గాని, మన పలకపైనున్న మాటకు అసలు తోడు తర్కశాస్త్రమున కలదు. అందు "సహకారి" యను పారిభాషిక పదము కలదు. ముఖ్యకారణమునకు తోడుపడు కారణము. ఉదాహరణము తార్కికులు పొలమునుండియే తీసికొనిరి. గాదెలోనున్న విత్తనము విత్తనమే, కాని మొలవదు. మన్ను, నీరు మొదలైనవి తోడైనప్పుడు మొలచును. ఆ తోడు వచ్చినవి సహకారులు. విత్తనములో శక్తి ముందే యున్నదా, సహకారులు వచ్చి కలిగించినవా అని బౌద్ధులును నైయాయికులును శతాబ్దములు వాదించుకొనిరి. రైతునడిగినచో వాదము త్వరగా తీరియుండునేమో!

కోఆపరేషన్ అను మాటకు మొదటినుండి "సహకారము" అనియే తెలుగు చేయలేదు. మహాత్ముడు 1920లో నాన్-కోఆపరేషన్ ఉద్యమము నడపినప్పుడు మనవారు దానిని "సహాయ నిరాకరణము" అనిరి. "సహాయము" అనుదానికి మూలార్థము వెంటనడచుట. సహాయుడనగా తోడు నడచువాడు. ఇప్పటి వాడుకలో మాత్రము సహాయమనగా ఉన్నవాడు లేనివానికి చేయునది. ఆ పేరు మన పలకపై ఎక్కకపోవుటయే మేలైనదని మా తలంపు.

పలకపై రెండవ మాట "సొసైటీ". దీనికి మూలము "సోకియుస్", తోడివాడు. సంస్కృతమున దీని చుట్టము "సఖుడు". రోమనుల న్యాయశాస్త్రమున పొత్తునకు "సోకియెతాస్" అని పేరు. లాభమంతయు ఒకనికి, నష్టమంతయు మఱియొకనికి అని వ్రాసికొనిన పొత్తు పొత్తే గాదని వారి న్యాయవేత్తలు తీర్పుచెప్పిరి. దానిని "సింహపు పొత్తు" అనిరి. వేటకు మూడు మృగములను తోడు తీసికొనిపోయి, పంచునప్పుడు నాలుగు పాళ్లును తానే తినివేసిన సింహపు కథ మన పిల్లలకును తెలిసినదే.

తోడివాని పేరే శత్రువు పేరుగా మాఱిన కథ యొకటి లాటినున కలదు. ఒకే కాలువనుండి నీరు పెట్టుకొను ఇరుగుపొరుగు రైతులను రోమనులు "రీవాలెస్" అనెడివారు. "రీవుస్" అనగా కాలువ. మొదట అందు తప్పర్థము లేదు. మన "ఒకే బోదెవారు" అనుమాటవంటిది. ఆ మాటయే ఇంగ్లీషున "రైవల్" అయినది. పోటీదారుడు, పగవాడు అని అర్థము. కాలువ దగ్గఱ ఏమి జరిగి ఈ యర్థము వచ్చెనో వేసవిలో చివరి మడివారికి మేము చెప్పనక్కఱలేదు. మన సీమలో చెఱువు పూడిక తీయుట, కాలువ గట్టు వేయుట ఆయకట్టు రైతులందఱు కూడి చేయవలసిన పనియని పూర్వాచారము; మద్రాసు రాజధానిలో దానికి కుడిమరామత్తు అని పేరు. ఆ ఆచారము సడలినందున, గట్టు తెగునప్పుడు మనుష్యులను నిర్బంధించి పనికి రప్పించుటకై 1858లో ఒక చట్టమే చేయవలసివచ్చెను. ఒపెర మిగిలి "కో" పోయినచో జరుగునది ఇది.

రోమనులలోను ఈ తగవులు కలవు. 533లో జస్టినియను చక్రవర్తి కూర్పించిన ధర్మశాస్త్ర సంగ్రహమున, ఒకే కాలువ నీరు పాఱించుకొను రీవాలెస్‌కు నీటినిగూర్చి వివాదము వచ్చినచో ఏమి చేయవలెనో ఒక ప్రకరణము కలదు. బలాత్కారము లేక, దొంగతనము లేక, బ్రతిమాలి పుచ్చుకొనక, ఈ యేడు ఎట్లు నీరు పెట్టుకొంటివో అట్లే పెట్టుకొమ్ము. దానిని బలిమితో నడ్డగింపరాదు అని న్యాయాధికారి యాజ్ఞ.

అంతకంటె మాకు నచ్చినది ఆఫ్రికా ఉత్తరభాగమున నేటి అల్జీరియా దేశములో, పూర్వము లమాస్బా యనబడిన ఊర దొరికిన శిలాశాసనము. ఇది ఎలగబలుస్ చక్రవర్తి కాలమునాటిది (218–222). ఊరి పెద్దలును రైతులును కూడి చేసికొనిన నీటి కట్టుబాటు దానిపై చెక్కబడియున్నది. రాయి విఱిగి కొంత పోయినది. మిగిలిన భాగమున వరుసగా రైతుల పేర్లున్నవి; ఒక్కొక్క పేరునకు ఎదురుగా వానికి చెల్లు నీరు ఏ నెల ఏ దినమున ఏ గంటకు మొదలై ఏ దినమున ఏ గంటకు ముగియునో, మొత్తము ఎన్ని గంటలో వ్రాసియున్నది. మన నీరుగంటి నోట నుండు వంతుల పట్టికయే అది. అచ్చట మాత్రము ఎవరు వచ్చి చూచినను చదువుకొనునట్లు రాతిపై నుండెను.